లారీ సైలెన్సర్‌లోంచి మంట ఎలా వస్తుంది, ఎందుకు వస్తుంది?

మా తమ్ముడి కొడుకు ఒక వీడియో పంపాడు. అమెరికాలో ఏదో ఖాళీ మైదానం, రాత్రి పూట. ఒక పికప్ ట్రక్ ఆగి ఉంది. డ్రైవర్ గట్టిగా రేజ్ చేసి వదలగానే వెనక పైపులోంచి రెండు మూడు అడుగుల మంట బుస్సున బయటికొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ల కేకలు. వీడియో కింద వాడి ప్రశ్న: "పెదనాన్నా, మన లారీకి ఇలా పెట్టించొచ్చా? ఎంతవుతుంది?"

వాడికి పందొమ్మిదేళ్లు. వాళ్ల నాన్నకి పత్తి, మిర్చి తోలే పది టైర్ల లారీ ఉంది. "వద్దురా" అని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. కానీ ఎందుకు వద్దో తెలియకుండా మానేసినవాడు, రేపు ఇంకెవరో "ఏం కాదులే" అంటే మళ్లీ మొదలుపెడతాడు. అందుకే ఆ మంట ఎక్కడ పుడుతుందో, ఆ బండికి వచ్చినట్టు మన లారీకి ఎందుకు రాదో మొదటి నుంచీ రాస్తున్నాను. ఇదే ప్రశ్న మనసులో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు.

ముందు మాటల దగ్గరే ఒక చిక్కుంది. మనం ట్రక్ అనగానే లారీ అనుకుంటాం. అమెరికాలో ఇంటి ముందు పెట్టుకునే పికప్ కూడా ట్రక్కే, పద్దెనిమిది చక్రాల ట్రైలర్‌ని లాగే బండీ ట్రక్కే. అక్కడి పికప్‌లలో ఎక్కువ భాగం పెట్రోల్‌తో నడుస్తాయి, పెద్ద బండ్లు డీజిల్‌తో నడుస్తాయి. మావాడు పంపిన వీడియోలోది పెట్రోల్ బండి. మనింటి లారీ డీజిల్. మంట విషయంలో ఈ రెండిటికీ పోలికే లేదు.

పెట్రోల్ సంగతి చూద్దాం. కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ రెండూ కలిసి సిలిండర్‌లోకి వస్తాయి. పిస్టన్ నొక్కుతుంది, ప్లగ్గు నిప్పురవ్వ కొడుతుంది, మంట పిస్టన్‌ని కిందికి తోస్తుంది. ఆ తర్వాతే పొగని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. అంతా సవ్యంగా జరిగితే ఆ పాటికి మండడం అయిపోయి ఉంటుంది. బయటికి పోయేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్. వాటిలో మండడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాబట్టి పైపు చివర మంట కనిపించిందంటే, సిలిండర్‌లో మండాల్సింది అక్కడ మండకుండా బయటికొచ్చిందన్నమాట. అది రెండు రకాలుగా వస్తుంది.

మొదటిది, గాలికి మించి పెట్రోల్ పోయడం. మెకానిక్‌లు 'రిచ్‌గా ఉంది' అనేది దీన్నే. గాలంతా సిలిండర్‌లోనే ఖర్చయిపోతుంది. మిగిలిన పెట్రోల్ ఆవిరి, సగం మండిన కార్బన్ మోనాక్సైడ్ వేడి వేడిగా పైపులోకి వెళ్తాయి. అక్కడ ఆక్సిజన్ లేదు కాబట్టి లోపల మండవు. పైపు మూతి దాటి బయటి గాలి తగలగానే భగ్గుమంటాయి. పొడవుగా, పసుపు రంగులో కనిపించే మంట ఇది. వంటింట్లో బర్నర్ రంధ్రాలు పూడుకుపోయి గాలి సరిగా కలవనప్పుడు నీలం మంట పచ్చగా మారి గిన్నె అడుగున మసి పడుతుంది కదా, అదే జాతి మంట.

రెండోది, ప్లగ్గు కొట్టకపోవడం. అప్పుడు పెట్రోలూ గాలీ సరైన పాళ్లలో కలిసినది కలిసినట్టే పైపులోకి వెళ్తుంది. దానికిక కావలసింది వేడి ఒక్కటే. అది దొరికిందా, పైపు లోపల ఉన్నదంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. మంట కొంచెమే, చప్పుడు మాత్రం ఢాం అని వస్తుంది. గ్యాస్ లీకై నిండిపోయిన వంటగదిలో లైటు స్విచ్ వేస్తే జరిగేది ఇదే.

ఈ రెండోది మన ఊళ్లకి కొత్తేం కాదు. పాత బుల్లెట్ మీద పోతూ పోతూ కీ ఆపి, రెండు క్షణాలాగి మళ్లీ వేసి చప్పుడు చేసే కుర్రాళ్లని చూస్తూనే ఉంటాం. కీ ఆపినా చక్రం ఇంజిన్‌ని తిప్పుతూనే ఉంటుంది, కార్బొరేటర్ పెట్రోల్ ఇస్తూనే ఉంటుంది, ప్లగ్గు మాత్రం కొట్టదు. సైలెన్సర్ నిండా పచ్చి పెట్రోల్ ఆవిరి చేరుతుంది. కీ మళ్లీ వేయగానే మొదటి మంట పైపులోకి పాకి అంతా పేలుతుంది. సైలెన్సర్ లోపలి పలకలు ఊడిపోయేది, అతుకులు పగిలేది ఇలాగే. ఆ చప్పుడుకి రోడ్డు పక్కన నడుస్తున్న ముసలాళ్లు, చంటిపిల్లలు ఎలా ఉలిక్కిపడతారో పక్కన నిలబడి చూసినవాడిని, అందుకే ఈ అలవాటు మీద నాకు కోపం.

అమెరికాలో ఈ సరదాకి చాలా వయసుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దక్షిణ కాలిఫోర్నియాలో కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్లు కొని, విప్పి, వేగం పెంచుకుని నడిపేవారు. వాటిని హాట్ రాడ్‌లు అంటారు. మంట కక్కించే కిట్ ఆ లోకంలోదే. అందులో పెద్ద మర్మం లేదు. పొగగొట్టం చివర ఒక స్పార్క్ ప్లగ్గు, దానికొక కాయిల్, డ్రైవర్ చేతికి అందేలా ఒక స్విచ్. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు స్విచ్ నొక్కితే ఇంజిన్ ప్లగ్గులకి కరెంటు ఆగి, వెనక ప్లగ్గుకి వెళ్తుంది. మండని పెట్రోల్ వెనక్కి కొట్టుకొచ్చి అక్కడ అంటుకుంటుంది.

కార్బొరేటర్‌కి తెలివి లేదు కాబట్టి ఆ కిట్ పనిచేసింది. వెనక ఏం జరుగుతోందో దానికి తెలియదు, గాలి లాగినంతసేపూ పెట్రోల్ వదులుతుంది. ఇప్పటి బండ్లలో కంప్యూటర్ ఉంది. కాలు తీసిన మరుక్షణం పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు మూసేస్తుంది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. అందుకే ఈ రోజుల్లో మంట కావాలనుకునేవాళ్లు కంప్యూటర్ ప్రోగ్రామ్‌నే మారుస్తారు. కాలు తీసినా కొంచెం పెట్రోల్ వదలమని, ప్లగ్గుని ఆలస్యంగా కొట్టమని చెబుతారు. ఆలస్యంగా కొడితే వాల్వు తెరుచుకునే వేళకి ఇంకా మండుతూనే ఉంటుంది, ఆ మంటే పైపులోకి దూకుతుంది.

దారిలో ముందుగా బలయ్యేది కేటలిటిక్ కన్వర్టర్. తేనెపట్టు లాంటి సెరామిక్ గడి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత పూసి ఉంటుంది. మామూలుగా పొగలో మిగిలిన కాస్త విషాన్ని మండించడం దాని పని. పచ్చి పెట్రోల్ వచ్చి పడితే దాన్నీ మండిస్తుంది. వేడి హద్దు మీరి ఆ గడి కరిగి ముద్దయిపోతుంది, పొగకి దారి మూసుకుపోతుంది. అందుకే మంట కోసం చూసేవాళ్లు ముందుగా దాన్ని పీకేస్తారు. అంటే ఆ రెండడుగుల మంట కోసం ఆ బండి మిగతా జీవితమంతా విషపు పొగ వదులుతుంది. నాకు మంట కన్నా ఎక్కువ బాధ కలిగించేది ఈ సంగతే.

ఇక డీజిల్. ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది.

డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్గు లేదు. గాలిని పదహారు పద్దెనిమిది వంతులు నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్‌ని చిమ్మగానే దానంతట అదే అంటుకుంటుంది. ఆపడానికి ప్లగ్గే లేనప్పుడు ఆ పాత కిట్ ఎలా పనిచేస్తుంది? ఇంకో తేడా ఉంది. పెట్రోల్ బండిలో యాక్సిలరేటర్ గాలిని పెంచి తగ్గిస్తుంది. లారీలో గాలి ఎప్పుడూ దండిగానే వస్తుంది, కాలు నొక్కితే పెరిగేది డీజిల్ మాత్రమే. కాలు తీస్తే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. కాబట్టి రేజ్ చేసి వదిలితే పైపులోకి వచ్చేది వేడి గాలే. అందులో ఆక్సిజన్ ఉంది, మండడానికి సరుకు లేదు.

మరి డీజిల్‌నే ఎక్కువ పోస్తే? పంపు కదిలించి, లేదా కంప్యూటర్‌ని మార్చి అలా చేసేవాళ్లున్నారు. నీళ్లు గడ్డకట్టే చలిలో కూడా పెట్రోల్ మండే ఆవిరిని ఇస్తుంది. డీజిల్ అంత తేలికైనది కాదు. ఎక్కువైన డీజిల్ గాలి అందక మసిగా మారుతుంది. మంట బదులు నల్ల పొగ వస్తుంది. అమెరికాలో కావాలని ఇలా నల్ల పొగ వదలడాన్ని 'రోలింగ్ కోల్' అంటారు, దానికో గుంపే ఉంది. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకు ముందు పదేళ్లలో 5 లక్షల 50 వేలకు పైగా డీజిల్ పికప్‌ల నుంచి కాలుష్యాన్ని ఆపే పరికరాలను పీకేశారు. ఒక్కరిద్దరి సరదా అనుకోవడానికి వీల్లేని సంఖ్య అది.

డీజిల్ పొగగొట్టంలోంచి నిజంగానే మంట లేచే చోటు ఒకటుంది, ట్రాక్టర్ పుల్లింగ్ పోటీలు. అమెరికా మధ్య రాష్ట్రాల్లో వీటికి జనం బాగా వస్తారు. ట్రాక్టర్ వెనక కట్టిన బండి మీద బరువు, ముందుకు లాగేకొద్దీ ముందుకు జరుగుతూ లాగడాన్ని అంతకంతకూ కష్టం చేస్తుంది. ఆ కొన్ని క్షణాల కోసం హద్దు లేకుండా డీజిల్ పోస్తారు. పొగ ఎంత వేడిగా ఉంటుందంటే, నిలువు పైపు దాటి గాలి తగలగానే మసి, మిగిలిన డీజిల్ కలిసి మండుతాయి. ఆ ఇంజిన్ పని నిమిషం కూడా ఉండదు, ఆ తర్వాత విప్పి చూసుకుంటారు. మన లారీ గుంటూరు నుంచి ముంబై దాకా పోవాలి. పొగ వేడి 700 డిగ్రీలు దాటి అలాగే గంటలు నడిస్తే టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే చక్రం), పిస్టన్లు నిలవవు.

ప్రదర్శనల్లో పెద్ద ట్రక్కుల నిలువు పైపుల్లోంచి లేచే మంటల్లో చాలా వాటికి ఇంజిన్‌తో సంబంధమే ఉండదు. బండిలో విడిగా ప్రొపేన్ సిలిండర్ పెట్టి, పైపు చివరకు ట్యూబు వేసి, అక్కడ నిప్పురవ్వ కొట్టిస్తారు. మన వంటగ్యాస్‌లోనూ ప్రొపేన్, బ్యూటేన్ ఉంటాయి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు. కింద ఛాసిస్ దగ్గరే, టైర్ల మధ్య, బ్రేకు పైపుల చుట్టూ పేరుకుంటుంది. మావాడు తర్వాతి మెసేజ్‌లో "సిలిండర్ పెడితే వస్తుందంట కదా" అని రాశాడు. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది అప్పుడే. ఇంట్లో వాడే సిలిండర్‌ని బండికి పెట్టడం మన దేశంలో నేరం. నేరం సంగతి పక్కన పెట్టినా, పత్తి బేళ్ల పక్కన అది ఊహించుకోవడానికే భయం వేస్తుంది.

ఇంకో రకం కూడా చూసే ఉంటారు, జెట్ ఇంజిన్లు బిగించిన ట్రక్కులు. వాటిలో పేరున్నది షాక్‌వేవ్. పీటర్‌బిల్ట్ ట్రక్కుకి మూడు వెస్టింగ్‌హౌస్ జే34 జెట్ ఇంజిన్లు. 36 వేల హార్స్‌పవర్ అని, గంటకి 376 మైళ్లు, అంటే 605 కిలోమీటర్ల వేగం అందుకుందని చెబుతారు. దాని వెనక మంట ఆఫ్టర్‌బర్నర్‌ది. యుద్ధ విమానాల్లో మాదిరే, జెట్ నుంచి వచ్చే వేడి గాలిలో ఇంకా ఆక్సిజన్ మిగిలి ఉంటుంది, అందులోకి మళ్లీ ఇంధనం చిమ్మి మండిస్తారు. ఆ మంట బండిని ముందుకి తోస్తుంది, పనికొచ్చే మంట అది. 2022 జులై 2న మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్ ఎయిర్ షోలో ఆ ట్రక్కు ప్రమాదానికి గురై దాన్ని నడుపుతున్న అనుభవజ్ఞుడైన డ్రైవర్ చనిపోయారు. రన్‌వే ఖాళీ చేయించి, ఫైరింజన్లు దగ్గర పెట్టుకుని నడిపే ప్రదర్శనల్లో కూడా ఇలా జరిగింది.

పనికొచ్చే మంట అన్నాను కదా, పొగ దారిలో ఇంధనాన్ని మండించడం అనే ఈ పనిని ఇంజినీర్లు కావాలనే చేసే చోట్లు ఇంకా ఉన్నాయి. ర్యాలీ రేసు కార్లలో యాంటీ ల్యాగ్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. మలుపు దగ్గర డ్రైవర్ కాలు తీయగానే టర్బో నెమ్మదిస్తుంది, మళ్లీ నొక్కితే వేగం అందుకోవడానికి ఆలస్యమవుతుంది. అందుకని టర్బోకి ముందే, ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టమైన మానిఫోల్డ్‌లోనే కొంత పెట్రోల్‌నీ గాలినీ మండించి టర్బోని తిరుగుతూ ఉంచుతారు. వెనక పైపులో మనకి కనిపించే మంట అందులో మిగిలినది.

రెండోది మన రోడ్ల మీదే రోజూ జరుగుతోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అనే కాలుష్య నియమాలకు తగిన బండ్లు వచ్చాక డీజిల్ లారీల పొగ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. ఆ మసి నిండినప్పుడు దాన్ని కాల్చేయాలి. కంప్యూటర్ కొంచెం డీజిల్‌ని అదనంగా పొగలోకి పంపుతుంది. ప్లాటినం పూత మీద అది మంట లేకుండానే మండి, పొగ వేడిని సుమారు 600 డిగ్రీలకి చేరుస్తుంది. మసి కాలిపోతుంది. డ్యాష్‌బోర్డ్ మీద రీజెనరేషన్ లైటు వెలిగినప్పుడు లోపల జరిగేది ఇదే. ఆ సమయంలో ఎండుగడ్డి మీద బండి ఆపొద్దని కంపెనీలు చెప్పేది అందుకే.

ఇది కొంచెం అదుపు తప్పితే ఏమవుతుందో 2007లో ఫోర్డ్ కంపెనీకి తెలిసొచ్చింది. అప్పుడే కొత్తగా వచ్చిన 2008 మోడల్ ఎఫ్ సిరీస్ సూపర్ డ్యూటీ డీజిల్ పికప్‌లలో కొన్నిటి పొగగొట్టంలోంచి మంటలు వచ్చాయి. ఎవరూ కిట్ బిగించలేదు. ఫిల్టర్ ఉన్న దారిలో వేడి హద్దు దాటింది. కంపెనీ ఆ మార్చిలో 37 వేలకు పైగా బండ్లని వెనక్కి పిలిచి, వేడి పెరిగితే ఇంజిన్ బలం తగ్గించేలా సాఫ్ట్‌వేర్ మార్చింది. డబ్బు పెట్టి తెచ్చుకుందామని మావాడు అడుగుతున్న మంటని, తయారుచేసినవాళ్లే డబ్బు ఖర్చుపెట్టి ఆపారు. ఈ సంగతి చెప్పినప్పుడు వాడు కాసేపు మాట్లాడలేదు.

మన దగ్గర లారీ ఎక్కడెక్కడ తిరుగుతుందో కూడా ఆలోచించాలి. పత్తి సీజన్‌లో వరంగల్, ఆదిలాబాద్ మార్కెట్లలో లారీలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉంటాయి. గాలికి ఎగిరే దూది పొగగొట్టం మీద కూడా పడుతుంది. పెద్ద మంట అక్కర్లేదు, ఎర్రగా కాలిన ఒక మసి రవ్వ చాలు. కేంద్ర మోటారు వాహన నియమాల్లో ఇంధనపు పైపుకి 35 మిల్లీమీటర్ల లోపు పొగగొట్టం ఉండకూడదని రాసి ఉంది. మామూలు పొగకే అంత జాగ్రత్త చెప్పారు.

పెట్రోల్, డీజిల్ నింపుకునే డిపోలకి వెళ్లే డ్రైవర్లకి స్పార్క్ అరెస్టర్ తెలుసు. అది లేకపోతే బండి గేటు దాటి లోపలికి పోదు. పైపు చివర బిగించే ఈ పరికరం పొగని గిర్రున తిప్పి, అందులోని నిప్పు రవ్వలు గోడలకి కొట్టుకుని చల్లారేలా చేస్తుంది. మంట కిట్‌కి సరిగ్గా ఎదురుగా నిలబడే వస్తువు ఇది.

ఆ గేటు దగ్గర అంత పట్టుదల ఎందుకో 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీలో జరిగినది చెబుతుంది. బీపీ అనే చమురు కంపెనీ రిఫైనరీలో ఒక యూనిట్‌ని మళ్లీ మొదలుపెడుతుండగా ఇంధనం పొంగి, దాని ఆవిరి నేల మీద మేఘంలా పరుచుకుంది. దగ్గరలో, సుమారు 25 అడుగుల దూరంలో, ఒక డీజిల్ పికప్ ఇంజిన్ ఆన్‌లో ఉంది. డీజిల్ ఇంజిన్‌కి గాలిని ఆపే తలుపు లేదని పైన చెప్పాను. చుట్టూ మండే ఆవిరి ఉంటే దాన్నే పీల్చి, తనంతట తానే రేజ్ అయిపోతుంది. కీ తీసినా ఆగదు. నిప్పు అంటుకున్నది బహుశా ఆ పికప్ నుంచే అని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. 15 మంది చనిపోయారు, సుమారు 180 మంది గాయపడ్డారు. ఊరికే ఆగి ఉన్న, ఏ మార్పూ చేయని ఒక మామూలు పికప్ అది.

చట్టం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మోటారు వాహనాల చట్టంలో 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయిస్తే ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగ, శబ్దం హద్దులు దాటితే 190 సెక్షన్ కింద 10 వేల దాకా పడుతుంది, లైసెన్సు మూడు నెలలు పోతుంది. లారీ మీద బతికే ఇంటికి మూడు నెలలంటే మాటలు కాదు. సరుకుతో సహా బండి కాలిపోతే, చెప్పకుండా చేయించిన మార్పు చూపించి బీమా కంపెనీ చేతులెత్తేసే ప్రమాదం దీనికి తోడు.

ఇదంతా ఫోన్లో చెప్పాక మావాడు ఒక మంచి ప్రశ్న అడిగాడు. "మరి మనం ఏమీ చేయకుండానే ఎప్పుడైనా మంట కనిపిస్తే?" నేను ఎదురుచూడని ప్రశ్న. రావచ్చు. నాజిల్ సరిగా చిమ్మకుండా బొట్లుబొట్లుగా కారుతుంటే, పంపు టైమింగ్ వెనక్కి జరిగితే, టర్బో సీల్ పోయి ఇంజిన్ ఆయిల్ పొగ దారిలోకి దిగుతుంటే, ఎత్తు ఎక్కేటప్పుడు పైపు చివర ఎర్రగా కనిపించవచ్చు. అప్పుడు బండి పక్కకి తీసి, ఆపి, మెకానిక్‌ని పిలవాలి. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి ఉంటుంది. పైపులోంచి పోయేది దాంట్లోంచే, మైలేజీ పడిపోవడంలో అదే ముందుగా తెలుస్తుంది.

"అయితే మన బండి ఘాట్ ఎక్కేటప్పుడు నల్ల పొగ ఎక్కువ వస్తోంది, నాన్న కూడా మైలేజీ తగ్గిందంటున్నాడు" అన్నాడు వాడు. నాజిళ్లు టెస్టింగ్‌కి ఇచ్చి ఎన్నాళ్లయిందని అడిగాను. రెండేళ్లు దాటిందట. ఆదివారం లోడు లేదు, ఆటోనగర్ తీసుకెళ్లి విప్పిస్తానన్నాడు.